వియ్యపురాలి మొగుడి పేరు

పొద్దున్నే, ఎండ ఇంకా ముదరకముందే, మెలిత్త నడివాకిట్లో కూర్చుని ఆక్టోపస్‌ని బండకేసి బాదుతోంది. ఏథెన్స్ కుమ్మరివాడలో ఎవర్నడిగినా చెబుతారు, అది మెత్తబడటానికి నలభై దెబ్బలు చాలని. ఆవిడ అప్పటికే అరవై దాటించింది. అయినా చెయ్యి ఆగడం లేదు. కారణం చిన్నదే. అది వియ్యపురాలు పంపించిన ఆక్టోపస్.

"చాల్లెండి వదినా, అది నిన్ననే చచ్చింది," అంటూ ఆ వియ్యపురాలు ఆర్కిప్పె గుమ్మం దాటి లోపలికొచ్చింది. చేతిలో ఇంకో బుట్ట ఉంది.

"మళ్ళీ ఏం తెచ్చారు? మా ఇంట్లో పొయ్యి వెలగడం లేదనుకుంటారు వీధిలోవాళ్ళు."

"ఏముంది, పిల్లకి పాలు పడాలని నాలుగు చేపలు. మా ఆయన తెల్లారకుండానే లేచి బజారుకెళ్ళి, ఒక్కొక్కటీ మొప్పలు చూసి మరీ ఏరాడు."

మా ఆయన. రోజుకి ఇరవైసార్లు వస్తుంది ఆ మాట ఆర్కిప్పె నోట. వచ్చిన ప్రతిసారీ మెలిత్తకి ఎక్కడో చురుక్కుమంటుంది. తన మొగుడు ఫానియాస్ పోయి అయిదేళ్ళయింది. ఆ మహాతల్లి మొగుడు నికోన్ మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు. చెవులు కాస్త మందగించాయి గానీ, చెప్పులు కుట్టే చెయ్యి ఇంకా వణకలేదు.

మనవడు పుట్టి తొమ్మిది రోజులు. మగపిల్లాడని వీధి తలుపుకి ఆలివ్ కొమ్మల దండ కట్టింది మెలిత్తే. అయిదో రోజున కొడుకు యూఫ్రోన్ పసివాణ్ణి చేతుల్లో పెట్టుకుని, పొయ్యి చుట్టూ పరుగెత్తి, వీడు నా బిడ్డ, ఈ ఇంటివాడు అని అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఇక మిగిలింది రేపటి పదో రోజు. చుట్టాల్ని పిలిచి, విందు పెట్టి, పేరు చెప్పే రోజు.

పేరు గురించి మెలిత్తకి అనుమానమే లేదు. ఇంటికి మొదటి మగపిల్లాడైతే తండ్రి తండ్రి పేరు. ఎవర్నీ అడిగే పని లేదు, ఎవరూ చెప్పే పని లేదు. నిజానికి వీడికంటే ముందు ఒకడు పుట్టాడు. తాత పోయిన రెండు నెలలకి పుట్టాడు, తాత పేరే పెట్టుకున్నాడు. మూడో ఏట పిల్లల తలకి పూలదండ పెట్టి, చిట్టి కూజా చేతికిచ్చి చేసే పండగ ఇంకో నెల ఉందనగా, జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. రెండేళ్ళు గడిచాయి. ఆ పేరు ఇంట్లో మళ్ళీ ఎవరికీ లేకుండా పోయింది. ఇప్పుడు తిరిగి రావాలి. ఈ తొమ్మిది రోజులూ మెలిత్త నిద్రలో కూడా ఆ పేరే అనుకుంది.

కడుపుమంట మాత్రం ప్రసవం రోజే మొదలైంది. నొప్పులు ముదిరినప్పుడు మంత్రసాని, "ఎవరో ఒకరు వెనకనించి పట్టుకోండి," అంది. కోడలు ఫిలిన్నా అత్తగారి వంక చూడనైనా చూడలేదు. "అమ్మా," అని ఆర్కిప్పె చెయ్యి పట్టుకుంది. మెలిత్తకి నీళ్ళు కాచే పని పడింది. అప్పట్నుంచీ గంజి తాగాలంటే అమ్మ, తల దువ్వాలంటే అమ్మ, పిల్లాడికి పొత్తిగుడ్డలు చుట్టాలంటే అమ్మ.

"చూశారా వదినా, ముక్కు అచ్చం మా ఆయనదే," అంది ఆర్కిప్పె, పసివాణ్ణి ఎండలోకి తెచ్చి.

"తొమ్మిది రోజుల పిల్లాడికి ముక్కెక్కడిది? ముందు దాన్ని రానివ్వండి. చెవులైతే మావే. మా ఆయన చెవులు ఇలాగే ఉండేవి, తమ్మెలు అతుక్కుపోయి. ఫానియాస్ చెవులని వాడంతా..."

గది గుమ్మం దగ్గర ఆనుకుని కూర్చున్న ఫిలిన్నా లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఇది ఇవాళ కొత్త కాదు. మావగారి పేరు ఎత్తితే చాలు, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి పోతుంది. ఒకప్పుడు మగ్గం దగ్గరికి పోయేది, ఇప్పుడు మంచం మీదికి. మెలిత్త దాన్ని పొగరు కింద జమకట్టుకుంది. ఈ ఇంటి మగవాడంటే గౌరవం లేదు, పుట్టింటి మీదే ధ్యాసంతా, అని ఎన్నోసార్లు కొడుకుతో అననే అంది. వాడు మట్టి పిసుకుతూ వినేవాడు.

మధ్యాహ్నం విందు లెక్క చూస్తే పెద్ద కుండ ఒకటి తక్కువైంది. మెలిత్త వెనకున్న కొట్టంలోకి వెళ్ళింది. యూఫ్రోన్ వెలుతురు దగ్గర కూర్చుని, చిన్న ముక్కు ఉన్న పాలగిన్నె మీద కుంచెతో ఏదో రాస్తున్నాడు. తల్లిని చూడగానే గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా దగ్గర దాపరికమేంట్రా? మనవడి గిన్నె నాకు చూపించవా?"

"ఇంకా ఆరలేదమ్మా."

"నేను నాకనులే. చెయ్యి తియ్."

తీశాడు. మెలిత్తకి చదువు రాదు. కానీ మొగుడు ముప్పై ఏళ్ళు ప్రతి కుండ అడుగునా తన పేరు రాసేవాడు. ఆ రాత వాలకం ఆవిడకి మనిషి మొహమంత తెలుసు. గిన్నె మీద ఉన్నది అది కాదు.

"ఏం రాశావు?"

యూఫ్రోన్ కుంచె కడగడం మొదలెట్టాడు.

"నోరు లేదా? ఏం రాశావురా?"

"నికోన్," అన్నాడు, కుంచె కేసి చూస్తూ. "నీతో నెమ్మదిగా చెబుదామనుకున్నానమ్మా."

"ఎప్పుడు? రేపు విందు అయి, అందరూ చేతులు కడుక్కున్నాకా?"

"అమ్మా, విను..."

ఆవిడ వినలేదు. వచ్చిన పని మర్చిపోయి సరాసరి వాకిట్లోకి నడిచింది. అక్కడ ఆర్కిప్పె కాళ్ళు చాపుకుని, పసివాణ్ణి వాటి మీద పడుకోబెట్టి నూనె రాస్తోంది.

"మొత్తానికి సాధించారు వదినా."

"ఏమైంది?"

"ఏమైందో మీకు తెలీదు పాపం. రోజుకో బుట్ట మోసుకొస్తుంటే కూతురి మీద ప్రేమనుకున్నాను. నాలుగు చేపలిచ్చి నా మనవణ్ణి పట్టుకుపోతారని అనుకోలేదు."

"నెమ్మది వదినా, వాడు ఉలిక్కిపడతాడు."

"ఉలిక్కిపడనీండి. ఎవరి పేరు పెట్టుకుంటున్నాడో వాడూ వినాలిగా." మెలిత్త ఇంకో అడుగు ముందుకేసింది. "మీకేం తక్కువని? మీ ఆయన బతికున్నాడు. పొద్దున్నే లేచి మీకోసం చేపలు ఏరతాడు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడు. నా మొగుడికి ఆ పేరు తప్ప ఏం మిగల్లేదు. నాకు కుళ్ళుగా ఉంది వదినా, చెప్పుకోడానికి సిగ్గు లేదు నాకు. మీరు మా ఆయన, మా ఆయన అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. అన్నీ ఉన్నవాళ్ళు మీరు. ఆ ఒక్క పేరు కూడా మీకే కావాలా?"

ఆర్కిప్పె నూనె చేతులు అలాగే ఉండిపోయాయి. ఆవిడ కూడా తక్కువ మనిషేం కాదు, మాటకి మాట అప్పగించగలదు. కానీ ఈసారి తల వంచుకుంది.

"మేం అడగలేదు వదినా. మా ఆయన వినగానే వద్దన్నాడు. ఆ ఇంటి పెద్దాయన పేరు ఉండగా నా పేరేంటి, మెలిత్తమ్మ మొహం ఎలా చూడను అని నా మీద కేకలేశాడు. నాలుగు రోజుల్నించీ మీ గుమ్మం తొక్కడం మానేశాడు, చూళ్ళేదా?"

"మీరు అడక్కపోతే మరెవరు అడిగారు?"

"నేనే అత్తయ్యా."

ఫిలిన్నా గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. పదో రోజు రాకుండా బాలింత వాకిట్లోకి రాకూడదు. తల్లి వారించబోతే వినిపించుకోలేదు. గోడ పట్టుకుని రెండడుగులు ముందుకొచ్చింది.

"మా నాన్న పేరే అక్కర్లేదు. మీకు నచ్చిన ఇంకేదైనా పెట్టండి. ఆ పేరు మాత్రం నేను పిలవలేను."

"ఏం, మీ మావగారి పేరు నీ నోటికి అంత చేదా?"

"మీకది మావయ్య పేరు అత్తయ్యా. నాకు కాదు. నేను మావయ్యని ఏడాది కూడా చూడలేదు. నాకది వాడి పేరు."

కొట్టం గుమ్మంలోకి వచ్చిన యూఫ్రోన్ అక్కడే ఆగిపోయాడు.

"వాణ్ణి మట్టిలో పెట్టాక పేరు పెట్టి మూడుసార్లు పిలవమన్నారు, గుర్తుందా? పిలిచాను. మూడోసారి కాగానే మీరంతా ఇంటిదారి పట్టారు. నేను కాసేపు ఆగాను. ఎందుకాగానో తెలుసా? పలుకుతాడేమోనని." ఫిలిన్నా చెంపలు తుడుచుకోలేదు. "ఇప్పుడు వీడికీ అదే పేరంటే రోజుకి వందసార్లు పిలవాలి. అన్నానికి పిలవాలి, స్నానానికి పిలవాలి. పిలిచినప్పుడల్లా వీడు పరుగెత్తుకొస్తాడు. నేను వీడి వెనకాల ఇంకొకడి కోసం చూస్తాను. పసివాడికి అది తెలీదంటారా? నా మొహం చూస్తే తెలిసిపోదూ? వాడేం పాపం చేశాడని?"

"నాతో ఒక్క మాట చెప్పకూడదా?" అంది మెలిత్త.

"ఎలా చెప్పను? ఆ పేరు ఎత్తితే మీ మొహం వెలిగిపోతుంది. నాకేమో ఊపిరాడదు. అక్కడ కూర్చుని ఏడిస్తే మీకు ఆ సంతోషమూ ఉండదని లేచి వెళ్ళిపోయేదాన్ని."

మెలిత్త తలమీద ముసుగు లాక్కుని వీధిలోకి వెళ్ళిపోయింది.

నగరద్వారం దాటితే దారికి రెండువైపులా సమాధులే. మొగుడి రాయి దగ్గరికి ఆవిడ కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. ఎప్పుడొచ్చినా ఇంటి సంగతులన్నీ చెబుతుంది, వియ్యపురాలి మీద పితూరీలు కూడా. ఇవాళా చెప్పడానికే వచ్చింది. "ఫానియాస్," అని పిలిచింది. పిలిచాక చూపు పక్కనున్న చిన్న మట్టిదిబ్బ మీద పడింది. ఎవర్ని పిలిచిందో ఆవిడకే తెలియలేదు.

ఈ రెండేళ్ళలో ఎన్నిసార్లు వచ్చింది ఇక్కడికి? వచ్చినప్పుడల్లా తెచ్చిన నూనె పెద్ద రాయి మీదే పోసింది. చిన్నదాని మీద చివర్లో రెండు చుక్కలు విదిల్చేది. మనవడు పోయినప్పుడు కూడా గుండెలు బాదుకుని, "నా మొగుడి పేరు పోయిందే," అనే ఏడ్చింది. పక్కనే ఫిలిన్నా నిలబడి ఉంది. అది గుర్తొచ్చేసరికి మెలిత్తకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ మాట విని కూడా ఆ పిల్ల తనని అత్తయ్యా అనే పిలిచింది. ముప్పూటలా కూడు పెట్టింది. మెలిత్త చిన్న దిబ్బ పక్కన చతికిలబడి, మొదటిసారి వాడి కోసమే ఏడ్చింది. రెండో మనిషి కోసం ఏడ్చే ఓపిక ఆ రోజుకి మిగల్లేదు.

మర్నాడు చుట్టాలతో ఇల్లు నిండింది. చేపలు వేగుతున్నాయి, కాబేజీ నూనెలో మగ్గుతోంది, పళ్ళెం నిండా నువ్వుల ఉండలు పేర్చి ఉన్నాయి. నికోన్ అందరికంటే ఆఖర్న వచ్చి, ఎవరి కంటా పడకుండా ఓ మూల కూర్చున్నాడు. విందు సగంలో యూఫ్రోన్ బిడ్డని ఎత్తుకుని నిలబడ్డాడు. పేరు చెప్పాలి. వాడు తల్లి మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు, గొంతు సవరించుకున్నాడు. మాట మాత్రం రాలేదు. జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం మొదలెట్టారు.

మెలిత్త లేచింది. దిష్టి తగలకుండా బిడ్డ మెడలో కడదామని తెచ్చిన గాజు పూస ఆర్కిప్పె గుప్పిట్లో బిగుసుకుపోయింది, ఏ గొడవ రానుందోనని. మెలిత్త కొడుకు చేతుల్లోంచి పసివాణ్ణి అందుకుంది.

"మా వాడికి నోరు పెగలడం లేదు, నేను చెబుతాను వినండి. వీడి పేరు నికోన్."

"ఆఁ," అని మూలనుంచి ముసలాయన పెద్దగా పలికాడు. "వస్తున్నా. వడ్డించేశారా?"

ఇల్లంతా గొల్లుమంది. ఆర్కిప్పె మొగుడి జబ్బ మీద ఒకటి వేసింది. మెలిత్త కూడా నవ్వింది. నవ్వుతూనే ఉండగా, పిలిస్తే పలికే మనిషిని చూసి లోపల మళ్ళీ అదే చురుకు. అది పోలేదు. పోతుందని కూడా ఆవిడ అనుకోలేదు. కళ్ళు నిండిపోయి ముందున్నదేదీ కనపడక, బిడ్డతో సహా వెళ్ళి పొయ్యి పక్కన కూర్చుంది.

ఎవరో వచ్చి పక్కన చేరారు. ఆర్కిప్పేమో అనుకుంది మెలిత్త. కాదు, ఫిలిన్నా. చుట్టూ పిన్నులూ పెద్దమ్మలూ ఉండగా, కన్నతల్లి ఎదురుగానే ఉండగా, అత్తగారి భుజానికి ఆనుకుని కూర్చుంది. చుట్టాల పిల్లలు పళ్ళెం మీద పడి నువ్వుల ఉండల కోసం కొట్టుకుంటున్నారు.

"ఫానియాస్ ఉంటే," అంది ఫిలిన్నా. రెండేళ్ళలో ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. అని కాస్త ఆగింది, ఊపిరి తీసుకుంది. "ఫానియాస్ ఉంటే ఆ పళ్ళెంలో ఒక్కటి కూడా మిగలనిచ్చేవాడు కాదు అత్తయ్యా."

మెలిత్త పసివాణ్ణి ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చెయ్యి కోడలి చుట్టూ వేసింది.

"వాళ్ళ తాతా అంతేనమ్మా," అంది.