మొగుడి గది

డిటెక్టివ్ అమార్కై గడప తొక్కేవాళ్లు మామూలుగా వణుకుతూ వస్తారు. అఫోలే మాత్రం మండిపడుతూ వచ్చింది. ఆఫ్రికాలోని అక్రాలో, సముద్రం ఒడ్డు పేటలో, గుమాస్తాల చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేసి బతికే మనిషి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నా ఇంట్లో ప్లేగు ఎలుక దొరికిందట, నాయనా! సాయంత్రం కమిషనర్ దొర సంతకం పెడితే చాలట, ఇల్లు తగలబెట్టేస్తారట. మా అమ్మ పుట్టింది ఆ ఇంట్లో. మా అమ్మమ్మ పోయింది ఆ ఇంట్లో. ఎవడబ్బ సొమ్మని తగలబెడతారు?"

"ఎలుక ఎక్కడ దొరికింది పెద్దమ్మా?"

"నేను ఇస్త్రీ చేసుకునే గదిలో, మంచం కింద."

అమార్కై సహాయకుడు లార్యా ఒక అడుగు వెనక్కి వేశాడు. ప్లేగంటే అతనికి ప్రాణం మీద తీపి గుర్తొస్తుంది. అది చూసి అఫోలే, "ఏం బాబూ, నేను కరుస్తానా?" అంది. లార్యా సిగ్గుపడి మళ్లీ ముందుకొచ్చాడు.

ఊళ్లో ఆరోగ్య శాఖ కొత్తగా పెట్టారు. దాని అధికారి డాక్టర్ థ్రింగ్ ఇంగ్లండు నుంచి వస్తూనే పేట మధ్యగా ఒక గీత గీశాడు. తెల్లవాళ్ల బంగళాలకీ నల్లవాళ్ల ఇళ్లకీ నడుమ ఖాళీ నేల ఉండాలన్నాడు. ఊరి పెద్దలు చస్తే ఒప్పుకోమన్నారు. రోగం ఉందని రుజువైతే తప్ప ఒక్క ఇల్లు కూడా ముట్టుకోవద్దని గవర్నర్ తేల్చేశాడు. అఫోలే ఇల్లు సరిగ్గా ఆ గీత మీదే ఉంది. జబ్బులు తగ్గించమని పంపితే ఊరికే ఎసరు పెట్టిన పెద్దమనిషి ఈ డాక్టరు.

అమార్కై టోపీ పెట్టుకుని లేచాడు. ఒకప్పుడు కోర్టులో దుబాసీగా చేసిన మనిషి. దొరల అబద్ధాలు అనువదించలేక ఆ ఉద్యోగం మానేశానని చెబుతుంటాడు.

ఆరోగ్య శాఖ కిటికీ ముందు జనం చచ్చిన ఎలుకల్ని పట్టుకుని బారులు తీరారు. ఎలుకకింత అని శాఖ డబ్బిస్తోంది. ఇచ్చినవాటినే మళ్లీ తెచ్చి అడుగుతారని, లోపలి గుమాస్తా డబ్బివ్వగానే తోక కత్తితో టక్కున నరికి ఎలుకను మూత ఉన్న పీపాలో పడేస్తున్నాడు. లార్యా ముక్కు మూసుకున్నాడు. అమార్కై మాత్రం సంతలో చేపలు చూసినంత శ్రద్ధగా చూశాడు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఒడోయ్ ఆ పేటవాడే. అఫోలే ఇంట్లో దొరికిన ఎలుకను గాజు సీసాలో చూపించాడు.

"తోక ఏదయ్యా దీనికి?"

"పిల్లి కొరికుంటుంది లెండి."

"పిల్లి పళ్లకి సానపట్టించారా ఏంటి? సరే. అన్ని గదులుండగా ఆ గదిలోకే ఎందుకెళ్లావ్?"

ఒడోయ్ గొంతు తగ్గించాడు. "డాక్టర్ దొర చెప్పారండీ. ఇంటాయన గదిలో, మంచం కింద చూడమన్నారు. ఆడాళ్ల ఇంట్లో ఇంటాయనెవరని నవ్వొచ్చింది. మా ఆవిడ వాళ్లమ్మ ఇంట్లో, నేను మా నాన్న ఇంట్లో. ఊరందరి కాపురమూ అంతేగా! దొరతో వాదించలేక, మంచాలున్న గదులన్నీ వెతుకుదామని మొదలెట్టా."

థ్రింగ్ కుర్చీలోంచి లేవకుండానే జవాబులిచ్చాడు.

"ఆ మురికి కొంపలో నేనెప్పుడూ అడుగుపెట్టలేదు. ఎలుకను మైక్రోస్కోపులో చూశాను. ప్లేగే."

"మీరు కాక ఇంకెవరైనా చూశారా?"

"చూస్తే అర్థమయ్యేవాడు ఈ ఊళ్లో ఎవడున్నాడు?"

బయటికొచ్చాక లార్యా పళ్లు కొరికాడు. "గురువుగారూ, ఆ మాటకి మీరెలా ఊరుకున్నారు?"

"ఊరుకున్నానని ఎవరన్నారు?"

అఫోలే పెరట్లో బట్టల తీగ ఖాళీగా ఉంది. ఇస్త్రీ గదిలో మాత్రం ఈ గోడ నుంచి ఆ గోడకి తెల్ల చొక్కాలు వేలాడుతున్నాయి.

"ఎప్పుడూ ఇక్కడే ఆరేస్తావా?"

"లేదు నాయనా. నిన్న పొద్దుపోయాక వానొచ్చింది. తడుస్తాయని లోపల తాడు కట్టా. ఇదే మొదలు."

"తర్వాత ఇల్లు ఖాళీగా ఉందా?"

"ఇవాళ వేకువనే మా చెల్లెలి మనవడికి పేరు పెట్టే వేడుక. పసివాణ్ణి వాళ్ల నాన్న వైపువాళ్ల ఇంట్లో బయటికి తెచ్చి ఆకాశం చూపించాలిగా. ఆడాళ్లమంతా వెళ్లాం. వచ్చేసరికి ఒడోయ్ వాకిట్లో ఉన్నాడు. మా కళ్లముందే లోపలికెళ్లాడు."

సంతకం పెట్టేముందు ఇల్లు ఒకసారి చూడమని అమార్కై కబురు పంపితే కమిషనర్ కాదనలేదు. సాయంత్రానికి థ్రింగ్, ఒడోయ్ కూడా పెరట్లోకి వచ్చారు. చుట్టూ ఇంటి ఆడవాళ్లు, పక్కిళ్ల ఆడవాళ్లు. ప్రశ్న దొర భాషలో అడిగి, జవాబు అందరికీ వినబడేలా అమార్కై పేటవాళ్ల మాటల్లో చెప్పసాగాడు.

"డాక్టర్ గారూ, ఇన్ని గదుల్లో ఎక్కడ వెతకమన్నారు?"

"భర్త గదిలో."

"అది భర్త గదని ఎలా తెలుసు?"

"ఇదేం ప్రశ్న? మగవాడి చొక్కాలన్నీ ఆ గదిలోనే వేలాడుతుంటే!"

అమార్కై ఆ మాట తిప్పి చెప్పాడు. పెరడంతా ఒక్కసారి గొల్లుమంది. ఒక ముసలమ్మ నవ్వలేక నేల మీద చతికిలబడింది. "అన్ని చొక్కాలా! ఎంతమంది మొగుళ్లే అఫోలే నీకు? ఒకణ్ణి నాకియ్యవే!"

థ్రింగ్ ముఖం కందగడ్డయింది. ఎందుకు నవ్వుతున్నారో అతనికి అంతుపట్టలేదు.

"కమిషనర్ గారూ," అన్నాడు అమార్కై. "ఈ పేటలో మొగుళ్లు పెళ్లాల ఇళ్లలో ఉండరు. ఇక్కడ పుట్టి పెరిగినవాడు ఎవడూ ఈ ఇంట్లో మొగుడి గది వెతకడు. ఆ చొక్కాలు మీ ఆఫీసు గుమాస్తాలవి. నిన్న వాన పడ్డాకే వాటిని లోపల ఆరేశారు. వేకువన ఇల్లు ఖాళీ. ఎప్పుడూ అడుగుపెట్టని డాక్టరు గారికి ఆ చొక్కాలెలా కనబడ్డాయి?"

కమిషనర్ మొహం తిప్పి థ్రింగ్‌ని చూశాడు.

"ఇక ఎలుక. కిటికీ దగ్గర డబ్బిచ్చి పుచ్చుకున్న ఎలుకలకే తోక ఉండదు. ఇది ఆ పీపాలోది. చీకటితో వచ్చి, మొగుడి గదనుకుని మంచం కింద పెట్టారు. ప్లేగో కాదో చూసింది కూడా పెట్టిన ఆయనే."

"ఆ గీత లేకపోతే మీరంతా చస్తారు! మీ మంచికే చేశాను!" అని అరిచాడు థ్రింగ్.

లార్యాకి ఒళ్లు మండిపోయింది. "మా మంచి కోసం మా ఇల్లు కాలాలా?" అనేశాడు. గురువుగారు మందలిస్తారేమోనని చూస్తే, ఆయన ఆ మాటని కూడా శుభ్రంగా అనువదించి కమిషనర్‌కి వినిపించాడు.

కమిషనర్ తాను సంతకం పెట్టాల్సిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. "ఇల్లు కాల్చరు. డాక్టర్ గారు ఓడెక్కుతారు. కానీ ఈ మాట ఈ గోడలు దాటకూడదు. ప్రభుత్వం పరువు."

అఫోలే ముందుకొచ్చింది. "నా ఇంట్లో ప్లేగని ఊరంతా చాటింపు వేయించారు. ఇక ఏ గుమాస్తా నాకు చొక్కాలిస్తాడు? ఇప్పుడు లేదని చెప్పడానికి గుసగుసలా? మీ ప్రభుత్వానికే ఉందా పరువు, నాకు లేదా?"

ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి వీధి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. కమిషనర్ వాళ్లని చూశాడు, దాటి వెళ్లే దారి కోసం చూశాడు, చివరికి చాటింపు వేసేవాణ్ణి పిలిపించాడు. వాడొచ్చి, ఏమని చాటమంటారని అడిగాడు. కమిషనర్ ముఖం తిప్పుకున్నాడు. వాడు అఫోలే వైపు తిరిగాడు.

"చాటు. ఆరోగ్య శాఖ పెద్ద దొరే చచ్చిన ఎలుకను తెచ్చి అఫోలే ఇంట్లో పెట్టాడని చాటు. బంగళాల వీధి నుంచి మొదలెట్టు."