ఖాళీ కుర్చీకి వేసిన దండ

మధ్యాహ్నం రెండింటికి, సముద్రం ఒడ్డునున్న ఎడారి ఊరు మంగఫ్ మీద ఆకాశం పసుపుగా ఉంది. మూడయ్యేసరికి ఇటుక రంగుకి తిరిగింది.

బిల్డింగ్ బేస్‌మెంట్ హాల్లో గోడకి బాగా పైన రెండు చిన్న కిటికీలు ఉన్నాయి. వాటిలోంచి పడే వెలుతురులో అందరి ముఖాలూ టీలో ముంచి తీసిన రస్కుల్లా కనిపిస్తున్నాయి. దుమ్ము లోపలికి వస్తుందని ఏసీ ఆపేశారు. గాలి అన్నది లేదు.

"ఆకాశం చూసినావా మే? పైన ఎవురో ఎర్రమన్ను జల్లిస్తా ఉన్నట్టుంది" అంది మెర్సీ ఫ్రెండ్ అనీసా.

"నువ్వు ఆకాశం సంగతి వదిలేసి స్టెప్పులు గుర్తు తెచ్చుకో" అంది మెర్సీ.

మెర్సీకి పదేళ్ళు. ఆ రోజు డాన్సులో ముందు వరసలో సరిగ్గా మధ్యన నిలబడేది తనే. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా మెర్సీ మెడ దానంతటదే ఒక అంగుళం పెరిగేది.

ఆ డాన్సుని హులా అంటారు. నేర్పేది ఏడో అంతస్తులో ఉండే కెహావ్ ఆంటీ. ఆంటీది హవాయి. సముద్రం మధ్యన దీవులు. ఆంటీ పుట్టిన ఊళ్ళో వాన పడని రోజే తక్కువట. అంకుల్‌కి ఇక్కడ రిఫైనరీలో ఉద్యోగం కాబట్టి వాన మొహం చూడని చోటికి వచ్చి పడింది. హవాయిలో కూడా పెద్దవాళ్ళని ఆంటీ అనే పిలుస్తారని తెలిశాక, బిల్డింగులో తెలుగువాళ్ళకి హవాయి పక్క ఊరైపోయింది.

మే ఒకటిన అక్కడ పూలదండల పండగ. అందరూ ఒకచోట చేరి ఒకరికొకరు దండలు వేసుకుంటారు. హులా ఆడతారు. కడుపునిండా తింటారు. "మా ఊరు లేకపోతేనేం, ఈ బిల్డింగ్ ఉంది కదా" అని ఆంటీ ఇక్కడే పండగ పెట్టేసింది. ఇక్కడ సెలవు రోజు, శుక్రవారం, కూడా కలిసొచ్చింది.

హాల్లో నలభై ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పిల్లలు నిలబడే చోటికి పక్కగా, విడిగా, ఇంకో కుర్చీ ఉంది. దాని పక్కనే నేల మీద ఆంటీ సొరబుర్ర డోలు. ఆ కుర్చీలో కూర్చోబోయిన ఒకాయన్ని ఆంటీ చెయ్యి పట్టుకుని నవ్వుతూ వేరే చోటికి తీసుకెళ్ళింది. మెర్సీ చూసింది. ఎందుకని మాత్రం అడగలేదు.

అడగనక్కర్లేకుండానే తెలిసేది, పోయిన వారం క్లాసుకి వెళ్ళి ఉంటే. కాని "ఈ వారం డాన్స్ లేదు, కబుర్లు మాత్రమే" అని ఆంటీ ముందే చెప్పింది. డాన్స్ వచ్చేశాక కబుర్ల కోసం ఎవరు వెళ్తారు? మెర్సీ కడుపునొప్పి అని చెప్పి, ట్యాబ్ చూసుకుంటూ పడుకుంది. అమ్మ నర్సు అయినప్పుడు కడుపునొప్పి నటించడం సులువు కాదు. కరుణమ్మ మూడు చోట్ల నొక్కి చూసింది. మెర్సీ మూడు చోట్లా "అబ్బా" అంది. ఒక కడుపు అన్ని చోట్ల నొప్పి పెట్టదని కరుణమ్మకి తెలుసు. డ్యూటీకి టైమైపోతోంది కాబట్టి ఊరుకుంది.

ఇప్పుడు ఆంటీ ఐస్‌బాక్స్ మూత తీసింది. హాలంతా మల్లెల వాసన. అబ్బాసియాలో మలయాళీ కొట్లో ఉన్న మొగ్గలన్నీ కొనేసి, రెండు రోజులు కూర్చుని దండలు గుచ్చింది. ఒక్కో దండలో మొగ్గలు ఒకదానికొకటి ఆనుకుని ముత్యాల్లా ఉన్నాయి.

మొదటి దండ మెర్సీకే. ఆంటీ రెండు చేతులతో దండ మెడలో వేసి, చెంపకి చెంప ఆనించింది. దండ చల్లగా, మెత్తగా తగిలింది.

మెర్సీకి వెంటనే డాడీ గుర్తొచ్చాడు. తెలుగువాళ్ళ మీటింగుల్లో డాడీకి దండ వేస్తే ఫోటో తీసేంతవరకే ఉంచుకుంటాడు. తర్వాత దణ్ణం పెట్టి, తీసి, బల్ల మీద పెట్టేస్తాడు. మెడలో ఉంచుకుని కూర్చుంటే గొప్పలు పోతున్నాడంటారు. పెద్దవాళ్ళ పద్ధతి అది.

మెర్సీ కూడా పద్ధతిగా దణ్ణం పెట్టింది. దండ తీసింది. బల్ల కోసం చూసింది. దగ్గర్లో బల్ల లేదు. పక్కనున్న ఖాళీ కుర్చీ వీపుకి తగిలించింది.

రెండో వరసలో కూర్చున్న కరుణమ్మ, పక్కావిడతో "చూశారా, ఎవరూ చెప్పకుండానే" అంది మురిపెంగా.

ఆంటీ చేతులు మాత్రం ఇంకా గాల్లోనే ఉన్నాయి. దండ అక్కడ లేదని చేతులకి తెలియనట్టు ఉండిపోయాయి. ఆంటీ మెర్సీని చూసింది. తర్వాత కుర్చీని చూసింది. మిగతా పిల్లలకి దండలు వేసుకుంటూ వెళ్ళిపోయింది. వాళ్ళెవరూ తియ్యలేదు.

ఆంటీ నేల మీద కూర్చుని సొరబుర్రని దగ్గరికి లాక్కుంది. డాన్సుకి ముందు ఆంటీ ఒక్కతే ఒక పాట పాడుతుంది. అరచేత్తో సొరబుర్ర మీద కొట్టింది. దమ్. వేళ్ళతో తట్టింది. టక్ టక్. దమ్, టక్ టక్. పాటకి అర్థం తెలియదు కాని ఎవరినో పిలుస్తున్నట్టు ఉంది.

అప్పుడే కిటికీలు ఇంకా ఎర్రబడ్డాయి. ఎవరో లైట్లు వేశారు. లైట్లు కూడా ఎర్రగానే వెలిగినట్టున్నాయి.

మెర్సీ చెయ్యి అనీసా గిల్లింది. "కుర్చీ చూడు."

కుర్చీ మీది దండ ఊగుతోంది.

ఏసీ లేదు. కిటికీలు మూసే ఉన్నాయి. ఏ కాగితమూ కదలడం లేదు. దండ ఒక్కటే మెల్లిగా అటూ ఇటూ ఊగుతోంది. దమ్ అన్నప్పుడు అటు. టక్ టక్ అన్నప్పుడు ఇటు.

అంతలో కుర్చీ కిర్రుమంది. కొంచెం బరువైన మనిషి సర్దుకుని కూర్చుంటే ప్లాస్టిక్ కుర్చీ ఎలా కిర్రుమంటుందో, సరిగ్గా అలాగే.

వెనక వరసలో ఒక చిన్న పిల్లాడు చటుక్కున వాళ్ళమ్మ ఒళ్ళోకెక్కాడు.

పాట అయిపోయింది. "పది నిమిషాలు. జ్యూస్ తాగి రండి. తర్వాత డాన్స్" అంది ఆంటీ. ఆంటీ మాట్లాడేది ఇంగ్లిష్. ఎప్పుడూ అందులో సగం నవ్వు ఉంటుంది. ఇప్పుడు లేదు. "మెడలో దండ ఉన్నవాళ్ళే వరసలో నిలబడాలి" అని, మెర్సీ వైపు చూడకుండానే లేచింది.

మెర్సీ అనీసాని మెట్ల కిందికి లాక్కెళ్ళింది.

"నేనేం చేశానే?"

"ఆంటీ ఎదురుగానే దండ తీసేస్తివి కదా. అట్ట తీస్తే నీ ప్రేమ నాకు వద్దు అన్నట్టంట వాళ్ళకి. పోయిన వారమే చెప్పినాది."

"మరి నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"నీకు కడుపునొప్పి కదా" అంది అనీసా. కొంచెం ఆగి, గొంతు తగ్గించింది. "ఇంకోటి. ఆ కుర్చీ వాళ్ళ అవ్వది. టూటూ అంటారంట. ఆంటీకి హులా నేర్పింది ఆయమ్మే. చచ్చిపోయి పదేళ్ళయింది. పండగ ఎక్కడ జేసినా ఆయమ్మకి ఒక కుర్చీ ఏస్తారంట వాళ్ళింట్లో. నువ్వు పోయి దండ ఆయమ్మకి ఏసినావు."

మెర్సీ మెట్ల కిందనుంచి హాల్లోకి తొంగి చూసింది.

"పోనీ ఐస్‌బాక్సులో ఇంకో దండ ఉందేమో చూసుకొనొస్తా. ఎవురికీ తెల్దు" అంది అనీసా.

"ఉండు. నాది నేనే తెచ్చుకుంటా."

హాలు దాదాపు ఖాళీగా ఉంది. అందరూ అవతల జ్యూస్ దగ్గర ఉన్నారు. మెర్సీ మునివేళ్ళ మీద కుర్చీ దగ్గరికి వెళ్ళింది. చటుక్కున లాగేసి మెడలో వేసుకుంటే సరిపోతుంది. దండ అంచు పట్టుకుంది. లాగింది.

రాలేదు.

ఎక్కడా చిక్కుకోలేదు. కుర్చీ వీపు నున్నగా ఉంది. ఇంకొంచెం గట్టిగా లాగింది. అవతలి వైపు ఎవరో రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు, దారం బిగిసింది. ఒక మొగ్గ తెగి కుర్చీలో పడింది. దొర్లలేదు. పడినచోటే, ఒళ్ళో పడ్డట్టు ఆగిపోయింది.

మెర్సీ దండ వదిలేసింది. ఒక మనిషి మెడలోంచి చెప్పా పెట్టకుండా దండ లాగుతున్నానని అప్పుడు తట్టింది. పారిపోవచ్చు. కడుపునొప్పి అని చెప్పొచ్చు. ఈసారి నిజంగానే నొప్పిగా కూడా ఉంది.

మెర్సీ జ్యూస్ బల్ల దగ్గరికి నడిచింది. ఆంటీ పేపరు కప్పులు సర్దుతోంది.

"ఆంటీ, నాకు కోపమొచ్చి దండ తియ్యలేదు. మా డాడీ అలాగే తీస్తారు. మా వాళ్ళలో వెంటనే తీస్తేనే మర్యాద. ఉంచుకుంటే గొప్పలు పోయినట్టు."

ఆంటీ కప్పు కింద పెట్టింది. "వెంటనే తీస్తేనే మర్యాదా?"

"అవును ఆంటీ."

"నేను అక్కడ కూర్చుని, ఈ పిల్లకి నేనేం అన్యాయం చేశాను అని ఆలోచిస్తున్నాను. పాటలో రెండు లైన్లు మర్చిపోయాను కూడా. నీకు తెలిసిందా?"

"నాకు పాట రాదు కదా ఆంటీ."

ఆంటీ మొహంలోకి సగం నవ్వు వచ్చింది. మెర్సీ అక్కడితో ఆపొచ్చు. కాని ఇంకోటి మిగిలింది.

"పోయిన వారం నాకు కడుపునొప్పి రాలేదు. డాన్స్ వచ్చేసింది, కబుర్లెందుకులే అని రాలేదు. వచ్చుంటే తెలిసేది."

వెనకాలే నిలబడ్డ కరుణమ్మ "మూడు చోట్లా నొప్పి అన్నప్పుడే అనుకున్నా" అంది. దాని సంగతి ఇంటికెళ్ళాక చూద్దామని ఆ గొంతులోనే ఉంది.

"దండ తెచ్చుకోబోయాను. రాలేదు ఆంటీ. ఎవరో పట్టుకున్నారు."

ఆంటీ ఆశ్చర్యపోలేదు. ఎర్రటి వెలుతురులో కుర్చీ వైపు చూసింది. "మా టూటూ అంతే. ఒకసారి చేతికిచ్చింది అడక్కుండా తీసుకుంటే ఊరుకునేది కాదు. నేను చిన్నప్పుడు ఎన్ని దెబ్బలు తిన్నానో. వెళ్ళి అడుగు."

"ఏ భాషలో?"

"నీకు వచ్చిన భాషలో. అడిగాక ఆగాలి. ఆగకపోతే అది అడగడం కాదు."

మెర్సీ మళ్ళీ కుర్చీ ముందు నిలబడింది. ఈసారి మునివేళ్ళ మీద కాదు. చేతులు కట్టుకుంది.

"అమ్మమ్మగారూ, నా పేరు మెర్సీ అండి. నాలుగో అంతస్తు. దండ మీకు వేద్దామని వెయ్యలేదండి. ఎక్కడ పెట్టాలో తెలియక పెట్టాను. అది ఆంటీ నాకిచ్చింది. నేను తీసుకోవచ్చా అండి?"

ఆగింది.

జ్యూస్ దగ్గర మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బయట దుమ్ము కిటికీ అద్దాలకి రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. మల్లెల వాసన ఒక్కసారి ఊపిరి ఆడనంత దగ్గరగా వచ్చింది. తల నిమరడానికి ఎవరో వంగినప్పుడు వాళ్ళ జడలోంచి వచ్చే వాసనలా. మెర్సీకి కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు.

కుర్చీ కిర్రుమంది. కూర్చున్న మనిషి లేచినట్టు.

మెర్సీ చెయ్యి చాపింది. దండ తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది. దాన్ని తనకు తాను వేసుకోలేదు. తీసుకెళ్ళి ఆంటీ చేతుల్లో పెట్టి, తల వంచింది. ఆంటీ మళ్ళీ వేసి, చెంపకి చెంప ఆనించింది. ఈసారి దండ వెచ్చగా ఉంది. మెర్సీ వేలితో మొగ్గల్ని తడిమింది. ఆంటీ కూడా దండని ఒక్క క్షణం ఎక్కువ పట్టుకుని వదిలింది.

డాన్స్ మొదలైంది. హులాలో కాళ్ళు తాళం వేస్తాయి, చేతులు కథ చెబుతాయి. కొండ మీద మబ్బు. మబ్బులోంచి వాన. వాన ఏరై సముద్రంలో కలవడం. పన్నెండు మంది పిల్లలు వేళ్ళు ఆడిస్తూ చేతులు కిందికి దించారు. బయట చుక్క లేదు, అంతా దుమ్మే. లోపల నలభై కుర్చీల్లోవాళ్ళు మాత్రం తడుస్తున్నట్టు కూర్చున్నారు. వాన ఘట్టం దగ్గర మెర్సీ ఒక స్టెప్పు తప్పింది. ఖాళీ కుర్చీ పక్కనుంచి చిన్నగా, నాలుకతో చ్చ్ అన్న చప్పుడు వినిపించింది. మెర్సీ వెంటనే సర్దుకుంది.

పొద్దున లేచేసరికి దుమ్ము దిగిపోయింది. బాల్కనీలు, కార్లు, ఆరేసిన బట్టలు, అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. కరుణమ్మ చీపురు, చెత్తకవరు పట్టుకుని ఇల్లంతా ఊడుస్తోంది. మెర్సీ దండ బల్ల మీద గోధుమరంగుకి తిరిగి వాడిపోయి ఉంది. కరుణమ్మ దాని మీద చెయ్యి వేసింది.

"ఆగు మమ్మీ. అది ఏం చెయ్యాలో అడిగొస్తా."

"వాడిపోయిన పూలు ఏం చేస్తారే? పారేస్తారు."

"మనం పారేస్తాం. వాళ్ళేం చేస్తారో."

కరుణమ్మ కూతుర్ని కింద నుంచి పైదాకా చూసింది. చెయ్యి తీసేసింది.

ఏడో అంతస్తులో మెర్సీ బెల్లు నొక్కకముందే తలుపు తెరుచుకుంది. ఆంటీ చెప్పులు వేసుకుని, కారు తాళాలతో నిలబడి ఉంది. "ఇంతసేపా?" అంది, ఎవరో ముందే చెప్పినట్టు.

మంగఫ్ ఒడ్డున సముద్రం పలచటి టీలా ఉంది. దండని చెత్తలో వెయ్యరట. దారం తీసి, పూలని మట్టికో సముద్రానికో తిరిగి ఇచ్చేస్తారట. ఆంటీ చెప్తుంటే మెర్సీ చివరిదాకా విన్నది. మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి ముడి విప్పి, ఒక్కో మొగ్గా వదిలింది.

అలలు ఒడ్డుకే వస్తున్నాయి. చెప్పులు, సీసాలు, నాచు, అన్నిటినీ ఒడ్డుకే తోస్తున్నాయి. మొగ్గలు మాత్రం వరసగా, ఒకదాని వెనక ఒకటి, అలలకి ఎదురుగా లోపలికి వెళ్ళిపోయాయి. ఆంటీ వాటికి చెయ్యి ఊపింది. మెర్సీ కూడా ఊపింది.

చేతిలో దారం ఒక్కటే మిగిలింది. మెర్సీ దాన్ని కూడా నీళ్ళలో వదలబోయి, ఆగింది.

"ఆంటీ, మరి ఇదో?"

"అది చెత్తబుట్టలోకి" అంది ఆంటీ. "ఏ తాబేలైనా మింగితే గొంతుకి అడ్డం పడుతుంది."

మెర్సీ దారాన్ని వేలికి చుట్టుకుని, ఒడ్డున ఉన్న చెత్తడబ్బా వైపు నడిచింది.