సుడి అడుగున

మా రేవులో టిక్కెట్లు చింపేది నేను. పడవ నడిపేది మావయ్య, తాడు విసిరేది బావ. ఆ వచ్చే వేసవిలో బావకీ నాకూ పెళ్లి.

సగంలో ఆగిపోయిన వంతెన స్తంభం పక్కన నీళ్లు ఎప్పుడూ గుండ్రంగా తిరుగుతుంటాయి. పని లేనప్పుడల్లా అక్కడే చూస్తూ కూర్చునేదాన్ని. ఎవరో నిద్రలో ఒత్తిగిలుతున్నట్టు ఉండేది నాకు. బావకి నవ్వు.

"కలలరాణీ, సుడిగుండం అంటే ఏంటో తెలుసా? సుడి అంటే తిరిగేది, గుండం అంటే గొయ్యి. నువ్వు తిరిగేది చూసి మురిసిపోతున్నావు. అసలుది ఆ గొయ్యే."

"అందులో పడితే?"

"ఊపిరి బిగబట్టి దాంతోపాటే కిందికి పోవాలి. అడుగున పట్టు వదిలేస్తుంది. అప్పుడు పక్కకి ఈదెయ్యడమే. మధ్యలో ఆగావో, ఇక అంతే సంగతులు."

ఆ వానరోజు స్తంభానికి చిక్కుకున్న దుంగను తోయబోయి బావ జారి సుడిలో పడ్డాడు. నడుముకి తాడుంది. దాని కొస నా చేతిలో ఉంది.

"వదిలెయ్!" అని అరిచాడు. "వదిలెయ్ పిల్లా!"

ఎలా వదలను? మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని మరీ గుంజాను. మావయ్య పరుగున వచ్చి నా పిడికిలి విప్పేసరికే ఆలస్యమైపోయింది. తర్వాత తాడు పైకి లాగితే ముడి వేసింది వేసినట్టే ఉంది. మనిషి లేడు.

మావయ్య ఆ తాడు చుట్టి రేవులో కొక్కేనికి తగిలించాడు. తిట్టినా బాగుండేది.

నెల గడిచింది. పొద్దుగూకే వేళ, ఆఖరి పడవ వెళ్లిపోయాక రేవులో నేనొక్కదాన్నే మిగిలాను. తడి చెక్క వాసన, డీజిల్ వాసన. నీళ్ల గలగల ఉన్నట్టుండి ఆగిపోయింది...

కొక్కేనికి వేలాడుతున్న తాడు కదిలింది. దానంతటదే మెట్లు దిగి నీళ్లలోకి జారుతోంది. గబుక్కున కొస అందుకున్నాను. అటువైపు బరువు... మనిషి బరువు.

"బావా?"

"వదిలెయ్..." చెవి పక్కనే, చల్లటి ఊపిరి. "ఇంకా మధ్యలోనే ఉన్నాను..."

నెలరోజులుగా తిరుగుతూనే ఉన్నాడా! నా మూలంగానా!

ఏడుస్తూ ఒక్కో వేలూ తెరిచాను. తాడు జారిపోయింది. సుడి నెమ్మదించింది... ఇంకా నెమ్మదించింది... నిలిచిపోయింది.

"వెళ్లు బావా," అన్నాను.

అప్పుడు ఆ గొయ్యి అడుగు నుంచి ఒక ఆడగొంతు... ముద్దుగా, ఎన్నాళ్లుగానో ఎదురుచూసినట్టు...

"హమ్మయ్య... వదిలేసిందా నిన్ను?"