తాత దస్తీ, అక్క సీటు

బస్సు ఇంకా పూర్తిగా ఆగనే లేదు. మత్తయ్య తాత దస్తీ కిటికీలోంచి దూరి వెళ్లి సీట్లో కూర్చుంది.

దస్తీ అంటే జేబులో పట్టేది అనుకునేరు! తాత దస్తీ పరిస్తే దుప్పటి, చుడితే తలపాగా. ఆ ఎర్రగళ్ల దస్తీ పడ్డ సీటును ముట్టే మొనగాడు ధారూరులో ఇంకా పుట్టలేదు. ఒకసారి గాలి ఎక్కువై అది పక్కనున్న కొడంగల్ బస్సులో పడిందట. వేసిన దస్తీకి విలువ ఇవ్వాలి కదా! తాత ఆ బస్సే ఎక్కి, కొడంగల్ దాకా పోయి, మిర్చి బజ్జీలు తిని తిరిగొచ్చాడట. నమ్మకపోతే తాతనే అడగండి. ఈసారి ఇంకో ఊరు కలిపి చెబుతాడు.

మార్త తాత ఒళ్లో కూర్చుంది. నాలుగో తరగతి అయిపోయి ఐదుకు వచ్చిన పిల్ల. ఒకపక్క అమ్మా నాయినా, కిటికీ దగ్గర అక్క జ్యోతిరాణి. అక్క ఇంటర్ పాసైంది. డిగ్రీ ఎక్కడ చదవాలో చూడటానికి ఇంటిల్లిపాదీ బయల్దేరారు. పొద్దున వికారాబాద్ కాలేజీ, మధ్యాహ్నం తాండూరు కాలేజీ.

"వికారాబాద్ అయితే పొద్దున పోయి మాపటికి ఇంటికొస్తది. తాండూరు అయితే హాస్టల్ల ఉండాలె," అన్నాడు నాయిన.

మార్తకు గుబులు పట్టుకుంది. అక్క హాస్టల్‌కు పోతే తనకు జడలు ఎవరు వేస్తారు? అమ్మ వేస్తే కనుబొమలు నడినెత్తికి ఎక్కుతాయి. అచ్చనగాయలు ఎవరితో ఆడాలి? అక్క వెతికి తెచ్చే రాళ్లంత నున్నటి రాళ్లు ఊళ్లో ఇంకెవరికి దొరుకుతాయి?

"ఏ కాలేజయినా సరే, దోస్త్ ఎయ్యంది సీటు రాదు. జల్ది ఎయ్యాలె," అన్నాడు నాయిన మళ్లీ.

దోస్త్ అంటే డిగ్రీ సీటు కోసం ఫోన్లోనో కంప్యూటర్లోనో పెట్టే దరఖాస్తు. బస్సు గడగడల్లో మార్తకు వినిపించింది మాత్రం వేరు. దస్తీ ఎయ్యంది సీటు రాదు!

'ఓస్, గంతేనా!' అనుకుంది మార్త.

వికారాబాద్ కాలేజీలో సెలవులు. గదులన్నీ ఖాళీ. "జర పట్టుకో బిడ్డా," అని దస్తీ మార్త చేతిలో పెట్టి, తాత ముఖం కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయాడు.

మార్త ఒక్క ఉరుకున గదిలోకి దూరింది. ముందు తన చిలకపచ్చ దస్తీ తీసింది. ఆ చారెడు గుడ్డకు ఎవరు భయపడతారు? దాన్ని జేబులో పెట్టుకుని, తాత దస్తీని మొదటి బెంచీ మీద ఈ కొస నుంచి ఆ కొసకు పరిచింది. ఇక అక్క ఎక్కడికీ పోదు!

"నా దస్తేదే?" తాత ముఖం మీది నీళ్లు కారుతుండగానే అడిగాడు.

"అయ్యో తాతా, నీకే ఇచ్చిన గదా!"

"ఇచ్చినవా? అయితే యాది మరిచి మింగిన కావచ్చు," అని తాత పొట్ట తడిమి చూసుకున్నాడు.

రైల్లో తాండూరు చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. అమ్మ చేతిసంచిని తాత నెత్తిన పెట్టుకుని నడిచాడు. "కోడలా, జర పిండి పిసుకు. నా నెత్తి మీద జొన్నరొట్టె కాల్చుకుందం," అన్నాడు. అందరూ నవ్వారు. మార్త చెప్పుల వంక చూస్తూ నడిచింది.

తాండూరు కాలేజీలో రాళ్ల గురించి పాఠాలు చెప్పే శ్యామల మేడం వాళ్లను ల్యాబ్‌లోకి పిలిచింది. అద్దాల అల్మారా నిండా రాళ్లు! మేడం ఒక తాండూరు బండ ముక్కను బల్ల మీద పెట్టి, "నాలుగు చుక్కలు పొయ్యి," అని అక్కకు చిన్న సీసా ఇచ్చింది. అందులో ఉన్నది యాసిడ్.

చుక్క పడగానే రాయి సోడాలాగా బుసబుస పొంగింది.

"నాయినా, రాయి పొంగుతుంది!" అక్క గంతు వేసింది. "ఎందుకు మేడం? అన్ని రాళ్లు పొంగుతయా? మా చేన్ల రాయి గూడ పొంగుతదా?"

అక్క అంతగా వెలిగిపోవడం మార్త ఎన్నడూ చూడలేదు. ఇంటర్ పాసైన రోజు కూడా ఇంత లేదు.

"గీ రాళ్ల చదువు పొద్దున చూసిన కాలేజీల లేదు. తాండూరే పెడ్దమా బిడ్డా?" అడిగాడు నాయిన.

అక్క రాయిని చూసింది. తర్వాత మార్తను చూసింది. సీసాకు మెల్లగా మూత పెట్టింది.

"వద్దులే నాయినా. వికారాబాదే పెడ్త. చెల్లె ఒక్కతే అయితది."

తను కోరుకున్నదే అక్క నోట వచ్చింది. అయినా మార్త అక్కకూ నాయినకూ మధ్యలో దూరింది.

"వద్దక్కా! గాడ పెట్టకు!" అని అరిచింది. "తాతా, నేను అబద్ధమాడిన. దస్తీ నీకియ్యలే. గా కాలేజీల బెంచీ మీద ఏసొచ్చిన."

"బెంచీ మీద ఎందుకే?" అంది అమ్మ.

"అక్క సీటు కోసం! నాయినే చెప్పిండు గదా, దస్తీ ఎయ్యంది సీటు రాదని!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక శ్యామల మేడం నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది.

"దస్తీ గాదే, దోస్త్!" నాయిన కళ్లు తుడుచుకుంటూ అన్నాడు.

"ఏదైతేంది!" అన్నాడు తాత. "మా ఖాందాన్‌ల అందరికంటె ముందు నా దస్తీకి డిగ్రీ సీటొచ్చింది!"

పొద్దున గేటు దగ్గర నంబరిచ్చిన వాచ్‌మన్ బాల్‌రాజ్‌కు నాయిన ఫోన్ చేశాడు. దస్తీ బెంచీ మీదనే ఉందట. రేపు వచ్చి తీసుకుపొమ్మన్నాడు. "చెప్పలే? నా దస్తీని ఎవ్వడు ముట్టడు," అన్నాడు తాత. మార్త తాత చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పోయేముందు హాస్టల్ చూశారు. గదిలో నాలుగు మంచాలు.

"అక్కా, నీకు ఏ మంచం నచ్చింది?" అడిగింది మార్త.

"కిటికీ పక్కది."

మార్త తన చిలకపచ్చ దస్తీ తీసి ఆ మంచం కాళ్ల వైపు, ఒక మూలకు పరిచింది.

"ఏందే, మళ్ల నా సీటు పడుతున్నవా?" అక్క నవ్వింది.

"నీ సీటు నువ్వే సూసుకో. గిది ఆదివారం నేనొచ్చినప్పుడు కూసునే జాగ," అంది మార్త. నాయిన వైపు తిరిగింది. "నాయినా, ఫోన్ తియ్యి. దోస్త్ ఎయ్యి. మొదట తాండూరే పెట్టు."

బయట ఎండ తగ్గలేదు. మార్త తాతను వంగమని, మంచం మీంచి తీసుకొచ్చిన ఆ చారెడు దస్తీని బట్టతల మీద జాగ్రత్తగా పరిచింది.

తాత స్టేషన్ దాకా మెడ కదపకుండా నడిచాడు. కదిపితే సీటు పోతుందట!