నీళ్ళు పోయకూడని కుండీలు

"ఎవరు పోశారు ఈ కుండీలకి నీళ్ళు?"

కోడలి కేక విని అత్తగారు చేతిలో చెంబు పక్కన పెట్టేసి బయటికొచ్చింది. క్వార్టర్స్ వెనకే వ్యవసాయ కళాశాల వాళ్ళ ప్లాస్టిక్ కప్పున్న షెడ్డు, అందులో వరసలు వరసలుగా జొన్న మొక్కల కుండీలు. నిన్నటిదాకా ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయి, పాలిపోయి, తల వేలాడేసిన మొక్కలు... ఈ ఉదయం ఆకులు విప్పుకుని నిటారుగా నిలబడ్డాయి! మరో తోటలో అయితే అది చూసి మురిసిపోయేవాళ్ళే. ఈ షెడ్డులో మాత్రం కొంప మునిగినట్టే! ఏ రకం జొన్న ఎంత దాహానికి తట్టుకుంటుందో తేల్చడానికి వాటికి కావాలనే నీళ్ళు మాన్పించారు. సముద్రాలకి అవతలున్న విశ్వవిద్యాలయంలోనూ ఇవే గింజలు, ఇదే పద్ధతిలో పెరుగుతున్నాయి. రెండుచోట్లా పరీక్ష చివరిదాకా సాగితేనే కోడలు ఏడాదిపాటు అక్కడికి వెళ్ళి తన పరిశోధన పూర్తి చేసేది. మధ్యలో ఒక్కసారి తడి తగిలిందా, పడ్డ కష్టమంతా మట్టిపాలే!

"ఆ వాచ్‌మన్‌ని ఇవాళ వదిలిపెట్టను! చిలక్కి చెప్పినట్టు చెప్పాను..." అంటూ కోడలు గేటు వైపు నడిచింది.

"అతన్నేమీ అనకమ్మా... నేనే పోశాను."

కోడలు ఆగిపోయింది. ఆ కళ్ళలోకి చూడలేక అత్తగారు తల దించుకుంది.

నిన్న ప్రయాణం పనుల మీద వెళ్తూ, మబ్బు పడితే షెడ్డు పరదాలు దించమంది కోడలు. నీళ్ళు మాత్రం పోయవద్దని మరీమరీ చెప్పింది. ఆవిడకి అర్థం కాకపోలేదు. పరదాలు దించి వచ్చేయబోయింది కూడా. కానీ ఆ ఎండు మొక్కల మధ్య నిలబడేసరికి ప్రాణం ఉసూరుమంది! కుళాయి పక్కనే ఉంది, బకెట్టు పక్కనే ఉంది... చెయ్యి ఊరుకోలేదు.

"చిన్నపిల్లవా అమ్మా? తను అంతలా చెప్పి వెళ్తే!" అని కసిరాడు కొడుకు.

"దాహంతో ఉన్నాయిరా నాయనా..."

"దాహంతో ఉంచడమే తన ఉద్యోగం!" అని, గొంతు తగ్గించాడు. "సరేలే... ఒకరకంగా మంచిదేనేమో. మన చిట్టి ఇంకా చిన్నదే కదా. ఈ ఏటికి ఆగితే..."

ఆ మాట కోడలికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది!

"ఓహో! అయితే తల్లీకొడుకులు కలిసే అనుకున్నారన్నమాట! నన్ను వెళ్ళొద్దంటే సరిపోయేది కదా అత్తయ్యా! నోటితో చెప్పలేక బకెట్టుతో చెప్పారా?" అంటూ భోరుమంది.

అత్తగారు పక్కనున్న ఖాళీ బకెట్టు తీసి బోర్లించింది. ఏళ్ళ క్రితం ఒకనాడు పొద్దున పనికి వెళ్ళిన ఆవిడ భర్త మరి ఇంటికి రాలేదు. ఒక్కగానొక్క చెల్లెలు వేరే ఊరు వెళ్ళి, కబురుకి కూడా అందకుండా పోయింది. ఎవరు చెప్పులు తొడుక్కున్నా ఆవిడ గుమ్మం దాకా వెంటపడి, ఎప్పుడొస్తారని అడుగుతుంది. ఇప్పుడు కోడలు వెళ్తే నాలుగేళ్ళ చిట్టికి స్నానాలు, అన్నాలు, జ్వరాలు అన్నీ మళ్ళీ మొదటి నుంచి... మోకాళ్ళు మెట్టెక్కనివ్వని ఈ వయసులో! అలిసిపోయింది ఆవిడ. చెప్పుకోవడానికి కూడా ఓపిక లేనంతగా అలిసిపోయింది.

"నేనూ వస్తానమ్మా మీ ఆఫీసుకి. తిట్టేదేదో నన్నే తిడతారు," అంది చివరికి.

అంతర్జాతీయ కార్యక్రమాల ఆఫీసు ముందు, కొత్తగా దిగిన విదేశీ విద్యార్థులు మందు నీళ్ళ తొట్టిలో బూట్ల అడుగులు ముంచుతున్నారు. పరాయి దేశపు మట్టి ఇక్కడి పొలాల్లోకి రాకూడదట. లోపల డైరెక్టరమ్మ కళ్ళు నలుపుకుంటూ అంతా విన్నది.

"నీళ్ళు మానిపించిన కుండీలన్నీ తడిశాయా? ఏమైనా మిగిలాయా?"

"మిగల్లేదు మేడమ్," అంది కోడలు.

"అవే కాదమ్మా," అత్తగారు నిజమంతా ఒప్పుకోవాలన్న భయంలో తొందరపడింది. "అవతలి వరసలో పచ్చగా ఉన్నవాటికి కూడా పోశాను."

డైరెక్టరమ్మ తెల్లబోయింది. "అవి పోలిక కోసం పెట్టినవండీ! వాటికి రోజూ పోస్తూనే ఉన్నారు కదా!"

"తెలుసమ్మా. కానీ ఒకళ్ళకి పెట్టి ఒకళ్ళకి మానేస్తే... చిన్నబుచ్చుకోవూ?"

కోడలు అత్తగారి ముఖంలోకి చూసింది. పనిగట్టుకుని చెడగొట్టాలనుకున్న మనిషి, నీళ్ళు తాగి ఉన్న మొక్కలకి బకెట్లు మోస్తుందా? ఆ మోకాళ్ళతో! ఏడుపులోంచే ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది.

"అన్నం తిన్న పిల్లలకి మళ్ళీ వడ్డించారా అత్తయ్యా!"

"మళ్ళీ విత్తాల్సిందే," అంది డైరెక్టరమ్మ. "అక్కడివాళ్ళని నేను అడుగుతాను. ఒప్పుకుంటే వచ్చే జట్టుతో వెళ్దువుగాని."

తిరుగు దారిలో కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అనరాని మాట అన్నాను అత్తయ్యా... క్షమించండి."

"నన్ను మరీ మంచిదాన్ని చెయ్యకు తల్లీ," అంది ఆవిడ. "మొదటి బకెట్టు జాలితోనే పోశాను. రెండోది నింపేటప్పుడు, 'ఇక ఇది ఆగిపోతుందేమో' అనిపించింది... అనిపించినా ఆగలేదు. అదీ నా మనసే!"

కోడలు ఆవిడతో పాటే నడక నెమ్మది చేసింది. చెయ్యి వదల్లేదు.

అక్కడివాళ్ళు ఒప్పుకున్నారు. మళ్ళీ విత్తారు. మొక్కలు ఎదిగాయి, నీళ్ళు ఆపే రోజు వచ్చింది. ఆ నెలంతా వేరే ఊళ్ళో ఉన్న తన ఆడపడుచు దగ్గర ఉండి రమ్మంది కోడలు. ఆవిడ వినలేదు. రోజూ వెళ్ళి పరదాలు చూసింది. చుట్టుకుపోతున్న ఆకులు చూడలేక కళ్ళు తుడుచుకుంది. కుళాయి మాత్రం ముట్టలేదు.

చివరి కుండీలోని మొక్క కోసి తూకం వేసిన సాయంత్రం, కోడలు వచ్చి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చుంది.

"వెళ్ళనా అత్తయ్యా?"

అత్తగారు నిద్రపోతున్న చిట్టిని ఒళ్ళో సర్దుకుంది.

"వెళ్ళమ్మా. కానీ... నవ్వుతూ పంపమని మాత్రం అడక్కు. అది నావల్ల కాదు."