నృసింహం నుదుటి బొట్టు

ఆ ఉదయం ల్యాబ్‌లో అందరి నుదుటా బొట్టు ఉంది. ఎవరి నుదుటా కనపడటం లేదు.

పతంగి చెక్కలో బ్రెజిలిన్ అనే పదార్థం ఉంటుంది. దానికి రంగు లేదు. ఆక్సిజన్ సోకితే ఎర్రబడుతుంది. మనసు ఉడికినప్పుడు ఒంట్లో ఎక్కువగా పుట్టి హాని చేసే ఫ్రీ రాడికల్స్‌ని కూడా అలాగే పట్టుకుని, తాను ఎర్రబడి మనిషిని కాపాడుతుంది. చిక్కల్లా ఒకటే, నిలవ ఉండదు.

దాన్ని నిలబెట్టడానికి నృసింహం జుట్టు నెరిసేదాకా తంటాలు పడ్డాడు. పొద్దున చేసిన సీసా సాయంత్రానికి ఎర్రబడి ఆయన్ని వెక్కిరించేది. నిన్నగాక మొన్న చేరిన హైమవతి ఆ అణువుకి చక్కెర తొడుగు వేసి, బొట్టుబిళ్ళగా చేసేసింది. అది చెక్కుచెదరలేదు. అప్పటినుంచీ ఆయనకు అన్నం సయించడం లేదు. అది అసూయే, ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

బిళ్ళ నెగ్గితే ఆయన విభాగం హైమవతి చేతికి పోతుంది. అది తేల్చడానికే డైరెక్టర్ అలివేలుగారు వచ్చారు. ల్యాబ్‌లో అందరూ నెల్లాళ్ళుగా పరీక్షకని పెట్టుకుంటున్నా ఏదో వంకతో తప్పించుకున్న నృసింహం, ఆమె ఎదుట కాదనలేక ఆ పూటే బిళ్ళ అంటించుకున్నాడు.

"నిలవ ఉంటోంది, సరేనమ్మా. పనిచేస్తోందని నమ్మకమేమిటి? నెల్లాళ్ళలో ఒక్కరిదీ ఎర్రబడలేదే!" అన్నారు అలివేలుగారు.

"అందరూ కులాసాగా ఉన్నారండీ. పట్టుకోవడానికి దానికేమీ దొరకలేదు," అంది హైమవతి బిక్కమొహంతో.

ఇదే అదను అనుకుని నృసింహం లేచాడు.

"పనిచెయ్యదు మేడమ్! రాయి కూడా నిలవ ఉంటుంది. అంత గట్టి తొడుగులోంచి అది దేన్ని పట్టుకుంటుంది? నేను ఇన్నేళ్ళుగా ఈ అణువుతో కాపురం చేస్తున్నా. నిన్న వచ్చిన పిల్లకి తెలిసింది నాకు తెలీదా?"

అందరూ ఆయన్నే కళ్ళప్పగించి చూస్తున్నారు. ఇన్నాళ్ళకి తన మాట వింటున్నారని ఆయన ఇంకా గొంతు పెంచాడు.

"మాస్టారూ," అంది హైమవతి మెల్లగా, "ఒక్కసారి అద్దం చూసుకోండి."

అలివేలుగారు బ్యాగులోంచి అద్దం తీసి ఇచ్చారు. నుదుటి మధ్య కుంకుమ దిద్దినట్టు ఎర్రటి బొట్టు. ఆయన గబగబా తుడుచుకున్నాడు. రంగు పోలేదు. ఎవరూ నవ్వలేదు, అదే ఆయనకు మరీ చిన్నతనంగా అనిపించింది.

బిళ్ళకి అనుమతి ఆ పూటే వచ్చింది. కొత్త చిక్కొకటి వచ్చిపడింది. ప్రతి బ్యాచ్‌నీ బయటికి పంపేముందు ఎర్రబడుతుందో లేదో చూడాలి. అంత నమ్మకంగా ఉడికిపోయే మనిషి ఇంకెవరు దొరుకుతారు? నృసింహానికి జీతం పెంచి మరీ ఆ పని అప్పగించారు.

ఇప్పుడు సోమవారం సోమవారం హైమవతి కొత్త బిళ్ళ తెచ్చి ఆయన నుదుట అంటిస్తుంది.

"మాస్టారూ, నాకు ఇంకో అవార్డు వచ్చిందండీ."

ఆయన కళ్ళు మూసుకుని "చాలా సంతోషం తల్లీ" అంటాడు. ఈసారైనా మనస్ఫూర్తిగా అనాలని ప్రతిసారీ ప్రయత్నిస్తాడు.

ఇంతవరకూ ఒక్క బ్యాచ్ కూడా ఫెయిల్ కాలేదు.