అరగని బ్రేకులు

ఉదయం అక్క తన బ్రేకుల కొట్టు షట్టర్ ఎత్తేసరికి ఎదురుగా తమ్ముడి ఎలక్ట్రిక్ కారు ఆగి ఉంది. మరదలు ఒక్కతే వచ్చింది. కొండ దిగుతుంటే చక్రాల దగ్గర కీచుమంటోందట.

అక్క పలకరించకుండానే జాకీ అందుకుంది. తండ్రి నేర్పిన బ్రేకుల పని ఆమెది, కార్ల షోరూంలో ఉద్యోగం తమ్ముడిది. ఈ బండ్లను మోటారే ఆపుతుందని, బ్రేకులు అరగవని, ఇక కొట్టు మూసుకోమని చుట్టాలందరిలో నవ్వాడు. అక్క అదైనా మింగింది. నిరుడు తమ్ముడి ఇంట్లో తండ్రి పోతే మూడో రోజున, అంతా అయిపోయాక కబురు చేశాడు. అది మాత్రం గొంతు దిగలేదు.

చక్రం విప్పి చూసింది. డిస్కును నొక్కి చక్రాన్ని ఆపే ప్యాడ్లు కొత్తవాటిలా మందంగా ఉన్నాయి. కానీ వాడక లేక డిస్కులు తుప్పు పట్టాయి. ప్యాడ్లు జరగడానికి ఉండే పిన్నులు బిగుసుకుపోయాయి. కొండ మీది ఇంట్లో నిండా ఛార్జి పెట్టి బయల్దేరితే, ఆపేటప్పుడు పుట్టే కరెంటుకు బ్యాటరీలో చోటు లేక మోటారు బండిని ఆపలేకపోతుంది. అప్పుడు ఈ బ్రేకులే దిక్కు.

"ఎలా ఉన్నాయి వదినా?"

"అరగలేదు. మీ ఆయన చెప్పింది నిజమే."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. చక్రం బిగించేసింది. మరదలు నమ్మకంగా నవ్వి డోరు తీయబోయింది. ఆ నవ్వు చూశాక అక్క చేయి చాచి కారు తాళంచెవి లాక్కుంది.

"వాణ్ణి రమ్మను. వాడొచ్చి నా ముందు కూర్చుంటేనే ఈ బండి కదిలేది."

మధ్యాహ్నానికి తమ్ముడు తెల్ల చొక్కాతో వచ్చాడు. అక్క కుర్చీ వేయలేదు. చక్రం మళ్లీ విప్పి తీసిన తుప్పు పిన్ను, బ్రష్షు చేతికిచ్చి నేల చూపించింది. మోకాళ్ల మీద కూర్చుని రుద్దుతుంటే పైనుంచి చూస్తూ నిలబడింది. ఏడాదిగా కోరుకున్నది ఇదే.

"మూడు రోజులు ఎందుకు దాచావురా?"

పిన్ను తిప్పి అవతలి వైపు రుద్దడం మొదలుపెట్టాడు.

"పోయే ముందురోజు నిన్ను పిలవమన్నాడు నాన్న. రేపు చూద్దాంలే అన్నాను. తెల్లారేసరికి లేడు. ఆ మాట నీతో ఏ మొహం పెట్టుకుని చెప్పను అక్కా?"

వాడి కోసం దాచుకున్న తిట్లు ఒక్కటీ నోటికి రాలేదు. కళ్లు తుడుచుకుంది.

"పొద్దున నేనూ చెప్పకుండా పంపబోయాను, నీ పెళ్లాన్ని, ఈ బ్రేకులతోనే."

తమ్ముడు తలెత్తి చూశాడు. పక్కకు జరిగి చోటిచ్చాడు. అక్క నేల మీద కూర్చుని రెండో పిన్ను అందుకుంది.